నాలుగో అంతస్తులో ఎరుపు

జనవరి 9

గోడ క్యాలెండరులో నిన్నటి కాగితం చింపి దాని వెనకవైపు రాస్తున్నాను. ముందువైపు క్యాబేజీ ఊరగాయ వసంతం దాకా చెడకుండా ఎలా ఉంచాలో అచ్చువేశారు. నేను చెడకుండా ఎలా ఉండాలో ఎవరూ వేయలేదు. రాసుకుంటే దిగులు కొంత కాగితం మీదికి దిగుతుంది. గ్యాసు కట్టేశానా లేదా అని నాలుగుసార్లు లేచేదాన్ని రెండుసార్లే లేస్తాను.

ఇవాళ మా బ్లాకు పెద్ద వితాన్ అందరినీ మెట్ల దగ్గర నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. మన బ్లాకుకు ‘ఇంధన సామర్థ్య ధ్రువపత్రం’ తీసుకోవాలట. ఆ పేరు ఒక్క ఊపిరిలో మూడుసార్లు అన్నాడు, ముద్దుల మనవడి పేరులాగా. ఇల్లు అమ్మేవాడికి అది కావాలి. అద్దెకిచ్చేవాడికి కావాలి. సర్కారు ఖర్చుతో గోడలకు చలి ఆపే పలకల దుప్పటి కప్పించుకోవాలనుకునే మాలాంటి బ్లాకులకు మరీ కావాలి. చర్చికి అక్కర్లేదట. ఏడాదికి నాలుగు నెలలు మాత్రమే ఉండే వేసవి ఇళ్ళకూ అక్కర్లేదట. అంటే దేవుడికి చలి వేయదు, డబ్బున్నవాడు చలిలో ఉండడు. మిగిలింది మేము.

ఏ నుంచి జీ దాకా మార్కులుంటాయి, ఏ అన్నిటికన్నా మేలు, జీ అధ్వానం. నేను నాలుగో తరగతిలో బడి మానేశాను, పరీక్షల పీడ వదిలిందనుకున్నాను. డెబ్బై ఆరేళ్ళకు మళ్ళీ వచ్చింది.

వితాన్ ఇక్కడి పెర్నిక్ బొగ్గుగనుల్లో దీపాల గదిలో పనిచేశాడు. పొద్దున ఎన్ని దీపాలు కిందికి వెళ్ళాయి, సాయంత్రం ఎన్ని పైకి వచ్చాయి అని ముప్ఫై ఏళ్ళు లెక్కపెట్టాడు. గని మూసేశారు. ఇప్పుడు మమ్మల్ని లెక్కపెడుతున్నాడు.

చివర్లో రెండో అంతస్తు లాల్కా, మీ ఆవిడ నెవేనా కనిపించడం లేదేం అని అడిగింది. మోకాళ్ళ నొప్పులకు వేడినీటి ఊటలకు వెళ్ళిందని చెప్పాడు. నేను మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. ఆ మోకాళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలుసు.

జనవరి 10

రాయకూడదనుకున్నాను. మళ్ళీ ఇంకో కాగితం చింపాను.

నెవేనా నా కింది ఇంట్లో ఉంది. నాది అయిదో అంతస్తు. నాలుగో అంతస్తులో పదిహేడో నంబరు రాదుల్‌ది. ఓడలో మెకానిక్కు, ఏడాదిలో పదకొండు నెలలు సముద్రం మీదే. నిమ్మచెట్టుకు నీళ్ళు పోయమని తాళంచెవి నాకిచ్చాడు. నిమ్మచెట్టుకు నీళ్ళు పోయమన్నాడు గానీ పక్కన ఒక మనిషిని కూడా నాటమనలేదు.

మొన్న పొద్దున వితాన్ పోస్టాఫీసుకు వెళ్ళగానే నెవేనా ఒక సంచీ, కుట్టుమిషనుతో నా గుమ్మంలో నిలబడింది. “అక్కా, నాలుగు రోజులు ఎక్కడైనా దాచు” అంది. ఆయన కొట్టడు. తాగడు. ఇల్లు వేడిచేసే రేడియేటరు పిడికి చిన్న తాళం వేసి, తాళంచెవి గడియారం గొలుసుకు తగిలించుకుంటాడు. పద్దెనిమిది డిగ్రీలు దాటకూడదు. స్నానానికి ఆరు నిమిషాలు. తలుపు బయట గడియారంతో నిలబడతాడు. అరవై ఒక్క ఏళ్ళ ఆడది తలకు సబ్బు పెట్టుకుని ‘అయిదు నిమిషాలైంది’ అన్న మాట వినాలి.

ఇదివరకు మూడుసార్లు వెళ్ళిపోయింది, మూడుసార్లూ తిరిగొచ్చింది. ఆయన అరవడు, కూర్చోబెట్టి మాట్లాడతాడు. గంట మాట్లాడితే ఎదుటి మనిషికి తన తప్పు తనకే కనబడుతుంది, లేని తప్పయినా సరే. అందుకే ఈసారి ఆమె గుండె గట్టిపడేదాకా ఆయన కంటపడకూడదు. రాదుల్ ఓడ రేవుకు చేరగానే ఫోను చేసి ఇల్లు అద్దెకు అడగాలి. అప్పటిదాకా దాచాలి. ఊరు దాటించి దాచవచ్చు కదా అంటే, తనను మొగుడు వెతకని చోటు ఆయన నెత్తి మీదేనంది. ఆయన ఉండేది మూడో అంతస్తు.

నేను కేవలం జాలితోనే ఒప్పుకున్నాను.

జనవరి 12

పదిహేడో నంబరులో అయిదు రేడియేటర్లూ చివరిదాకా తిప్పి పెట్టుకుంది. తగ్గించమన్నాను. తగ్గించలేదు.

జనవరి 15

ఇవాళ మార్కులు వేసే ఇంజనీరు వచ్చింది. పేరు యోవా, నా మనవరాలి వయసు. నిన్నంతా నేల తోమాను, కర్టెన్లు ఇస్త్రీ చేశాను, జున్ను పెట్టి పొరల రొట్టె, బానిత్సా కాల్చాను. ఆ అమ్మాయి నేల వంక చూడనేలేదు. కిటికీ చట్రం తట్టింది, గోడ మందం కొలిచింది, రేడియేటరు మీద చెయ్యి పెట్టి, “ఇది మూసేసి ఎన్నాళ్ళయింది మామ్మగారూ?” అంది. పదకొండేళ్ళన్నాను. మరి ఇల్లు ఇంత వెచ్చగా ఎలా ఉందని అడిగింది. దేవుడి దయ అన్నాను. దేవుడు కింది అంతస్తులో చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడని చెప్పలేదు.

వితాన్ ఫైలు చంకలో పెట్టుకుని ఇంటింటికీ ఆమె వెనకాలే తిరిగాడు. పదిహేడో నంబరు దగ్గర ఆగి, “తాళంచెవి ఇవ్వండి వదినగారూ” అన్నాడు.  అబద్ధం అలవాటు లేదు. అలవాటు లేనివాళ్ళకే మంచి అబద్ధాలు దొరుకుతాయి కాబోలు. నిమ్మచెట్టుకు గాలి తగలకూడదు, తలుపు ఒక్కసారే తీసి నాతో ఒక్క మనిషే లోపలికి రావాలి అన్నాను. గాలి తగలకూడదన్న మాటకు వితాన్ ఎదురు చెప్పలేడు. జీవితమంతా తలుపులు మూస్తూ గడిపినవాడు. బయటే నిలబడ్డాడు.

లోపల నెవేనా చేతుల్లేని వేసవి గౌను వేసుకుని, ఉక్కగా ఉందని బాల్కనీ తలుపు ఓరగా తీసుకుని కుట్టుకుంటోంది. ఇంజనీరు చేతిలోని పరికరం ఇరవై ఏడు చూపించింది.

“ఇల్లు ఖాళీ అన్నారు కదండీ,” అంది యోవా గుసగుసగా.

“ఖాళీయే,” అన్నాను.

“అవునమ్మా, ఖాళీయే,” అంది నెవేనా. “కాఫీ తాగుతావా?”

యోవా పరికరం జేబులో పెట్టుకుంది. “నేను గోడలూ కిటికీలే రాస్తానండి. మనుషుల గళ్ళు బ్లాకు పెద్ద నింపాలి,” అని కాఫీ తాగి, నా బానిత్సా రెండు ముక్కలు తింది. బయటి నుంచి వితాన్ గొంతు వినబడింది. లోపల ఎంత ఉందమ్మా అని. “నిమ్మచెట్టుకు సరిపోయేంత ఉందండీ,” అంది.

మంచి పిల్ల. మార్కులు వేసేవాళ్ళలో ఇలాంటివాళ్ళుంటే నేను అయిదో తరగతి కూడా చదివేదాన్ని.

జనవరి 16

ఒక్క గీతైనా తగ్గించమని మళ్ళీ అడిగాను. “ముప్ఫై నాలుగేళ్ళు తగ్గించాను స్టోయ్నక్కా,” అంది.

జనవరి 18

ఇవాళ సెయింట్ అతనాస్ పండగ. ఆయన పట్టుచొక్కా వేసుకుని కొండెక్కి ‘శీతాకాలమా పో, ఎండాకాలమా రా’ అంటాడట. బయట మైనస్ పదకొండు. పట్టుచొక్కాతో ఆయన ఒక్కడే వెళ్ళిపోయినట్టున్నాడు, చలి ఇక్కడే ఉంది.

నా ఇంట్లో మాత్రం లేదు. నేల నుంచి వెచ్చదనం పైకి వస్తోంది. ఉన్ని మేజోళ్ళు విప్పేశాను. నా కాలివేళ్ళు నాకు కనబడి చాలా ఏళ్ళయింది, ముసలివైపోయాయి పాపం. దీనికీ నెవేనాను దాచడానికీ ఏ సంబంధమూ లేదు. ఆమెను దాచింది జాలితోనే.

జనవరి 22

ఎంత పని చేశాను.

నిన్న సాయంత్రం వితాన్ తలుపుకు కాగితం అంటించాడు. రేపు తెల్లవారకముందు ఇంజనీరు కెమెరాతో వస్తుంది, గోడల్లోంచి వేడి ఎక్కడెక్కడ బయటికి పోతోందో ఫోటో తీస్తుంది, అందరూ కిటికీలు మూసి ఉంచండి అని. నేను చదివింది ‘వేడిని ఫోటో తీస్తుంది’ అన్నంత వరకే. మిగతాది చదవకుండానే ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

అయిదింటికి కిందికి పరిగెత్తాను. రేడియేటర్లన్నీ కట్టేయించాను. అవి చల్లబడవే. ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. లోపలున్న వేడిని ఎలాగైనా వదిలించుకోవాలి. చేపల వాసన వస్తే ఏం చేస్తాం? కిటికీలు తీస్తాం. నాలుగు కిటికీలూ, బాల్కనీ తలుపూ బార్లా తెరిచాను. నెవేనా దుప్పటి కప్పుకుని చలికి వణుకుతూ, “అక్కా, నాకెందుకో ఇది సరైన పని కాదనిపిస్తోంది” అంటూనే ఉంది. నువ్వు ఊరుకో అన్నాను. నాలుగో తరగతిదాకా చదివినదాన్ని, నాకు తెలియదా.

ఆరింటికి కిందికి వెళ్ళి కెమెరా పక్కన నిలబడ్డాను. అడ్డు నిలబడితే ఫోటోలో పడదేమోనని ఆశ. యోవా కెమెరా అద్దంలో చూపించింది. బ్లాకంతా నీలం, అక్కడక్కడా పసుపు. నాలుగో అంతస్తు మధ్యలో మాత్రం ఎర్రటి నాలుకలు నా కిటికీల దాకా పాకుతున్నాయి. పొయ్యి మూత తీసినట్టుంది.

“ఎవరు తెరిచారండీ కిటికీలు?” అంది యోవా.

నిమ్మచెట్టు అన్నాను.

జనవరి 29

ఆ ఫోటోను వితాన్ మా బ్లాకు ద్వారం తలుపుకు అంటించాడు. పోయినవాళ్ళ పేరున తలుపుల మీద అంటించే చావు కబురు కాగితాల మధ్యన. ఒక పక్క మూడో అంతస్తు గెన్యో భార్యది, పోయి నలభై రోజులైన కాగితం. ఇంకో పక్క మా ఆయనది, తొమ్మిదో సంవత్సరీకం. మధ్యలో ఎర్రగా నెవేనా. చచ్చినవాళ్ళిద్దరూ నల్ల అంచుల్లో ఉన్నారు, బతికున్నది ఒక్కతే మండుతోంది.

వితాన్ ఫోటోలో తన కిటికీని వేలితో చూపిస్తూ అందరినీ ఆపుతున్నాడు. ముదురు నీలం. ఒక్క చుక్క వేడి బయటికి పోవడం లేదు, ఆదర్శమైన ఇల్లు నాదేనంటున్నాడు. యోవా అక్కడే ఉంది. “బయటికి పోవాలంటే ముందు లోపల ఉండాలి కదండీ” అంది. ఆయనకు అర్థం కాలేదు. అయినా నవ్వాడు, చదువుకున్న అమ్మాయి కదా అని.

తర్వాత ఎరుపు మీద వేలు పెట్టాడు. ఖాళీ ఇంట్లో ఇంత వేడి ఏమిటి? బ్లాకు మార్కులు ఈ ఒక్క ఇంటివల్ల పాడవుతాయి. సోమవారం గోడల దుప్పటి అర్జీకి సంతకాల సమావేశం పెడతాను, పదిహేడో నంబరు తాళంచెవి ఇవ్వకపోతే తాళాలవాణ్ణి పిలిచి, సాక్షుల ఎదుట తలుపు తీయిస్తాను అన్నాడు.

నెవేనాకు చెప్పాను. కుట్టుమిషను ఆపలేదు. గుడ్డ మీద కుట్టు మాత్రం పక్కకు పోయింది. “ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడితే నేను మళ్ళీ వెళ్ళిపోతాను అక్కా,” అంది.

జనవరి 30

గ్యాసు కట్టేసే ఉంది. నాలుగుసార్లు చూశాను.

ఫిబ్రవరి 2

ఇవాళ్టికి ఒక్క కాగితం చాలదు. అయినా రాస్తాను.

సమావేశం కింద సైకిళ్ళ గదిలో. వితాన్ ఇంటి పుస్తకం బల్ల మీద పెట్టాడు. ఏ నంబరులో ఎవరు ఉంటున్నారో రాసే పుస్తకం. ఆయనకు అదే వేదం. ముందు ఎరుపు సంగతి తేలాలన్నాడు.

మూడో అంతస్తు గెన్యో లేచాడు. బస్సు నడిపి నడిపి ఒక చెవి పోయినవాడు. నాలుగో అంతస్తు వేడి తన పొయ్యి గొట్టానిదన్నాడు. గెన్యో ఇంట్లో పొయ్యే లేదు. లాల్కా లేచి, పదిహేడో నంబరులో తన సీమదానిమ్మ పళ్ళు మగ్గబెట్టుకుంటోందంది. పళ్ళు మగ్గడానికి ఇంత వేడెందుకని వితాన్ అడిగితే, అవి దక్షిణాది జాతివి అంది. ఇంకొకాయన పైపులంటాడు, ఇంకొకావిడ ఎండ తగిలే వైపు కదా అంటుంది. అది ఉత్తరం వైపు.

అప్పుడు తెలిసింది నాకు. ఇరవై అయిదు రోజులుగా నాలుగో అంతస్తు మెట్ల మీద పుదీనా వేసిన చిక్కుడు గింజల పులుసు వాసన వస్తోంది. అలా వండేది మా బ్లాకులో నెవేనా ఒక్కతే. నేనొక్కదాన్నే రహస్యం మోస్తున్నానని నడుం నొప్పి తెచ్చుకున్నాను. బ్లాకంతా మోస్తోంది. మోయనిది ఒక్కడే, ఆయనకు ఆ వాసన ఏళ్ళ తరబడి ఇంట్లో ఉన్నదే కాబట్టి తేడా తెలియలేదు.

వితాన్ నా వైపు చెయ్యి చాపాడు.

“తాళంచెవి, వదినగారూ.”

ఏప్రన్ జేబులో ఉంది.  “నా దగ్గరే ఉంది,” అన్నాను. “ఇవ్వను.”

నా గొంతేనా అని నేనే వెనక్కి తిరిగి చూశాను.

ఆయనకు కోపం వచ్చి తాళాలవాడి నంబరు వెతకడం మొదలుపెట్టాడు. లాల్కా సంతకాల కాగితం లాక్కుని చూసింది. “ఇదేమిటి వితాన్, నీ ఇంటికి ఒక్క సంతకమే ఉంది. పెళ్ళయ్యాక కొన్న ఇల్లు ఇద్దరిదీ కదా. నెలరోజులుగా అందరి సంతకాలకోసం మెట్లెక్కి దిగావు, నీ ఇంట్లోదే తేలేకపోయావా?”

ఊటల నుంచి రాగానే పెడుతుందన్నాడు.

తలుపు దగ్గర చప్పుడైంది. నెవేనా. అదే చేతుల్లేని గౌను, ఇంటి చెప్పులు. గదిలో అందరం కోట్లలో ఉన్నాం.  నేరుగా బల్ల దగ్గరికి వచ్చి పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. ఎవరికి ఎంత కోపం ఉన్నా గోడలకు దుప్పటి కావాలి కదా.

వితాన్ ముఖం తెల్లబడింది. తర్వాత నేను భయపడ్డదే మొదలైంది. గొంతు తగ్గించి, మెత్తగా, కుర్చీ జరిపి, “నెవేనా, కూర్చో. మాట్లాడుకుందాం,” అన్నాడు.

ఆమె చెయ్యి కుర్చీ వీపు మీదికి వెళ్ళింది. నేను ఏప్రన్ జేబులో తాళంచెవిని పిసికేశాను. ఇప్పటికీ అరచేతిలో దాని పళ్ళ గుర్తులున్నాయి.

“నీతో కూర్చుంటే నాకు చలి, వితాన్,” అంది నిలబడే. “మాట్లాడటానికి రాలేదు. పుస్తకం తీయి. పదిహేడో నంబరు. మనుషులు ఒకరు. రాయి.”

ఆయన ఆమె చేతులవైపు చూశాడు. ఇంత చలిలో రోమం నిక్కబొడుచుకోని చేతులు.  ముప్ఫై ఏళ్ళు దీపాలు లెక్కపెట్టినవాడికి ఒక దీపం వెనక్కి రాలేదని ఇవాళ లెక్క తేలింది. పెన్ను తీసుకుని రాశాడు. ఒకరు.

ఫిబ్రవరి 3

రాదుల్ ఓడ రేవుకు చేరింది. ఫోను చేసి అంతా చెప్పుకుని ఏడ్చాను. నిమ్మచెట్టు ఎలా ఉందని అడిగాడు. పూత పూసిందన్నాను. ఏడేళ్ళలో పూయనిది పూసిందా అన్నాడు. అయితే ఆవిణ్ణి కదలనివ్వకండి, అద్దె కాగితం పంపిస్తానన్నాడు.

ఈ ఒక్క మాటకోసం నెలరోజులు రక్తపోటు మాత్రలు రెండేసి మింగాను.

ఫిబ్రవరి 26

మార్కులు వచ్చాయి. ఎఫ్. ఫెయిలైనట్టేనని నేననుకున్నాను గానీ ఫెయిలయితేనే గోడలకు దుప్పటి ముందు దొరుకుతుందట. నా చదువు రోజుల్లో ఈ పద్ధతి ఉంటే ఎంత బాగుండేది. గోడలు కప్పాక సీ వస్తుందని అదే కాగితంలో రాశారు. వితాన్ దాన్ని అద్దం బిగించిన చట్రంలో పెట్టాడు. పెళ్ళి ఫోటోకు కూడా అద్దం వేయించలేదని నెవేనా అంది.

అసలు తమాషా ఇక్కడుంది. రాదుల్ పంపిన అద్దె కాగితం నమోదు చేయించడానికి నెవేనా వెళ్తే అక్కడి గుమాస్తా బ్లాకు ధ్రువపత్రం నకలు తెమ్మన్నాడు. అది లేకుండా అద్దెకివ్వకూడదట. నకలు ఇచ్చేది ఎవరు? బ్లాకు పెద్ద. అంటే నెలన్నరగా ఆయన మెట్లెక్కి దిగి సంపాదించింది తన పెళ్ళాం వేరే ఇంట్లో ఉండటానికి కావలసిన కాగితం.

బుధవారం సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఆయన దర్శనం వేళలు. నెవేనాకు తోడుగా వెళ్ళాను, మళ్ళీ కూర్చోబెడతాడేమోనని. కూర్చోమనలేదు. నకలు తీసి కింద తన గుండ్రటి చేతిరాతతో రాశాడు: ‘పదిహేడో నంబరు అద్దెదారుకు, అవసరమైన చోట చూపుకునేందుకు ఇవ్వడమైనది.’ ముద్ర వేశాడు. సిరా అలుక్కుపోకుండా నోటితో ఊదాడు. కాగితం అందిస్తూ, తలెత్తకుండా, “మోకాళ్ళు ఎలా ఉన్నాయి?” అన్నాడు.

“వెచ్చగా ఉన్నాయి,” అంది.

మార్చి 1

నెవేనా పొద్దున్నే వచ్చి నా మణికట్టుకు ఎరుపూ తెలుపూ దారం కట్టింది, వసంతం రావాలని మార్చి మొదటి రోజున కట్టుకుంటాం కదా. నిమ్మచెట్టుకు కూడా ఒకటి కట్టిందట.

ఒక ద్రోహం మాత్రం చేసింది. రేడియేటర్లు ఇరవై రెండుకు తగ్గించింది. ఎందుకే అంటే, “ఇప్పుడు తగ్గించమనేవాళ్ళు ఎవరూ లేరు కదక్కా” అంది. నా నేల చల్లబడింది. మేజోళ్ళు మళ్ళీ వేసుకున్నాను. సరే, రాస్తున్నాను: కేవలం జాలితో కాదు.

నా రేడియేటరు తిప్పుదామంటే పదకొండేళ్ళుగా బిగుసుకుపోయింది. చేత్తో తిరగలేదు, రోకలితో కొట్టినా కదల్లేదు. బ్లాకులో పెద్ద రెంచి ఉన్నది ఒక్కరి దగ్గరే. అడగాలా వద్దా అని మధ్యాహ్నందాకా ఆలోచించి, చివరికి అడిగాను. వితాన్ వచ్చాడు. కాస్త వంగిపోయాడు. గడియారం గొలుసు అలాగే ఉంది, దానికి వేలాడే చిన్న తాళంచెవి మాత్రం లేదు. 

మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు తిప్పాడు. కిర్రుమంది. పైపులో గుడగుడమని నీళ్ళు వచ్చాయి. వేడెక్కుతోందో లేదో చూడటానికి రేడియేటరు మీద చెయ్యి పెట్టాడు, తీయలేదు.

“కింద ఎంత పెట్టుకుంటోంది?” అన్నాడు.

“ఇరవై రెండు.”

తల ఊపాడు. లెక్క వేస్తున్నాడనుకున్నాను. “ఇరవై రెండు ఎక్కువేం కాదు,” అన్నాడు, రేడియేటరుతో చెబుతున్నట్టు.

నేను కాఫీ పెట్టాను. అది పొంగింది, దింపాను, కప్పుల్లో పోశాను. ఆయన అలాగే నేల మీద కూర్చుని రెండో చెయ్యి కూడా పెట్టాడు. గడియారం చూసుకోలేదు.

నేను చూశాను. ఆరు నిమిషాలు దాటింది.